పండుగ బట్టలు వేళకు అందాలంటే

మన దాతలు ఇష్టపడి ఇచ్చే వస్తువుల్లో కుట్టుమిషనుది ముందువరుస. కంటికి కనిపించే దానం అది. ఒకసారి ఇస్తే ఒక ఇంటికి ఏళ్ళ తరబడి ఆసరా అవుతుందన్న నమ్మకంతో ఇస్తారు. ఆ నమ్మకం తప్పేమీ కాదు. అయితే ఇచ్చిన మిషను మీద పని ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలిసిన దాతలు తక్కువ. రంజాన్ నెలలో ఈ సంగతి బాగా బయటపడుతుంది. పేద పిల్లల పండుగ బట్టలకు గుడ్డ కొనేది దాతలే. ఆ కుట్టుపని మన ఆడవాళ్ళకే దక్కి, వాళ్ళకూ నాలుగు రూపాయలు రావాలని కోరుకునేదీ దాతలే. తీరా ఆ గుడ్డ ఇరవయ్యో రోజా దాటాక చేతికి వస్తుంది. చాంద్‌రాత్ నాటికి సగం కూడా తయారు కావు. మిగతా సగానికి ఎవరో ఒకరు వరంగల్ వెళ్ళి రెడీమేడ్ తెస్తారు. అలా వచ్చిన జతల కుట్టుకూలి ఇక్కడి ఇళ్ళకు రాదు. కొలత కుదరని జతలు పిల్లల దగ్గర మూలన పడతాయి.

అందుకే ఈ సంచికలో కుట్టుపని గురించి కొంచెం వివరంగా రాయాలనుకున్నాను. కుట్టేవాళ్ళకు నేర్పడానికి కాదు. వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. గుడ్డ ఇచ్చేవాళ్ళకు తెలియాలని.

ముందు ఒక చిన్న లెక్క. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్కే. పదేళ్ళ ఆడపిల్ల కమీజు, పైజామా తీసుకోండి. భుజాలు, చంకలు, పక్కలు, చేతులు, మెడ పట్టీ, కింది మడత, పైజామా కాళ్ళు, సీటు, నాడా పట్టీ, ఇలా మిషను కింద నడిచే కుట్టునంతా టేపుతో కొలిస్తే సుమారు 500 అంగుళాలు వస్తుంది. అంగుళానికి 10 కుట్లు చొప్పున 5,000 కుట్లు. అలవాటున్న మనిషి కాలి మిషను మీద నిమిషానికి 500 కుట్లు వేస్తుందనుకుందాం. పది నిమిషాల పని. గట్టిగా ఉండవలసిన చోట రెండో కుట్టు కూడా కలుపుకుంటే పదిహేను నిమిషాలు. మరి అదే జత కుట్టడానికి ఇంట్లో రెండు గంటలు ఎందుకు పడుతుంది?

120 నిమిషాల్లో సూది ఆడింది 15 నిమిషాలే. మిగతా 105 నిమిషాలు కొలవడానికి, గుడ్డ పరచడానికి, సుద్దగీత గీయడానికి, కత్తిరించడానికి, ఏ ముక్క ఏదో వెతుక్కోవడానికి, దారం మార్చడానికి, బాబిన్ చుట్టడానికి, తప్పు కుట్టు విప్పడానికి, ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా ఆగడానికి పోయాయి. మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళడం ఉండనే ఉంది.

ఇప్పుడు ఆ మిషనుకు మోటారు బిగించి వేగం రెట్టింపు చేశారనుకోండి. పదిహేను నిమిషాలు ఏడున్నర అవుతాయి. జతకు మిగిలేది ఏడున్నర నిమిషాలు. మోటారు దానం చేయవద్దని కాదు నేననేది. రోజా ఉన్న మనిషి గంటల తరబడి తొక్కుడుపలక తొక్కడం ఎంత కష్టమో ఆలోచించండి. కాళ్ళకు ఆ విశ్రాంతి కోసమైనా మోటారు ఇవ్వాలి. దాని ధర మిషను ధరలో చిన్న వంతే. కరెంటు పోయినప్పుడు పనికి వస్తుంది కాబట్టి పాత బెల్టు పారేయవద్దని కూడా చెప్పాలి. కానీ తొందర పనికి మోటారే మందు అనుకుంటే మాత్రం లెక్క ఒప్పుకోదు.

మిషను వచ్చిన కొత్తలోనూ ఇంతే. 1845లో బోస్టన్ నగరంలో ఎలియాస్ హోవే అనే అమెరికా పనివాడు తాను తయారుచేసిన మిషనును ఐదుగురు చేతికుట్టు ఆడవాళ్ళతో పోటీకి పెట్టాడు. వాళ్ళకు తలా ఒక కుట్టు, ఆయనకు ఐదు. ఆయనే ముందు ముగించాడు. 1861లో వీలర్ అండ్ విల్సన్ అనే మిషన్ల కంపెనీ ఒక పట్టిక అచ్చు వేసింది. మగవాళ్ళ చొక్కా చేత్తో కుడితే 14 గంటల 26 నిమిషాలు, మిషను మీదైతే 1 గంట 16 నిమిషాలు అని. సరుకు అమ్ముకునేవాళ్ళ లెక్క కాబట్టి కొంత తగ్గించుకొనే చదవాలి. అయినా మిషను తగ్గించగలిగినంత ఆ రోజుల్లోనే తగ్గించేసిందని తెలుస్తుంది. మిగిలిన గంటంబావు తగ్గాలంటే మనిషి పని పేర్చుకునే తీరు మారాలి.

ఆ తీరు ఏమిటంటే, ఒక జత మొదలుపెట్టి అది పూర్తయ్యాక ఇంకోటి పట్టుకోవడం కాదు. పది జతల్లో ఒకే రకం పనిని ఒకేసారి చేసేయడం. బడి వాళ్ళకు ఇది కొత్తకాదు. నలభై జవాబుపత్రాలు దిద్దేటప్పుడు అందరివీ మొదటి ప్రశ్న దిద్ది, తర్వాత అందరివీ రెండో ప్రశ్న దిద్దితే తొందరగా అవుతుంది. మార్కులు కూడా సమంగా పడతాయి. కుట్టుపనీ అంతే.

కత్తిరింపు దగ్గర మొదలుపెడదాం. ఎక్కువ కాలం కలిసివచ్చేదీ, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. ప్రతి పిల్లకూ వేరువేరుగా కొలతలు తీసుకుంటే ఆ పని తెమలదు. నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండేళ్ళ వయసులకు ఐదు సైజుల అట్ట నమూనాలు చేసి పెట్టుకోవాలి. పిల్ల దగ్గర ఛాతీ, పొడవు రెండే చూసి ఏ సైజుకు వస్తుందో రాసుకుంటే చాలు. పలుచని నూలు గుడ్డను ఆరు పొరలు ఒకదానిమీద ఒకటి అంచులు కలిపి పరిచి, కదలకుండా బరువులు పెట్టి, పదును ఉన్న పెద్ద కత్తెరతో కోస్తే ఒక కోతకు ఆరు జతలు వస్తాయి. మొండి కత్తెరతో ఆరు పొరలు కోస్తే పైపొర ఒక కొలత, కిందిపొర ఒక కొలత అవుతుంది. చంక మధ్యలో, చేయి మధ్యలో చిన్న గాటు పెట్టుకుంటే కుట్టేటప్పుడు ఆ రెండు గాట్లూ కలిపేస్తారు, మళ్ళీ కొలవనక్కరలేదు.

తొందరలో చాలామంది వదిలేసే పని ఒకటుంది. నూలు గుడ్డను కోతకు ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేయడం. అది చేయకపోతే పండుగనాడు సరిపోయిన కమీజు మొదటి ఉతుకుకే బిగుసుకుపోతుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డకు ఈ బాధ అంతగా లేదు. నూలుకు మాత్రం ఒక రోజు ముందే కేటాయించుకోవాలి. గుడ్డ ఇరవయ్యో రోజాకు వస్తే మొట్టమొదట ఎగిరిపోయేది ఈ ఒక్క రోజే.

కుట్టే వరుస కూడా మారాలి. పక్కలు కుట్టేసి గొట్టంలా అయిన కమీజుకు గుండ్రంగా చేయి ఎక్కించడం నేర్పు ఉన్నవాళ్ళకూ నిదానమైన పనే. దాని బదులు గుడ్డ బల్లపరుపుగా ఉన్నప్పుడే వీలైనంత పని ముగించాలి. మొదట అన్ని కమీజుల భుజాలు. తర్వాత అన్నిటికీ మెడ పట్టీలు. చేతుల అంచులు విడిగా ఉండగానే మడిచి కుట్టేయాలి. ఆపైన పక్కలు తెరిచి ఉండగానే చేయిని చంకకు కలపాలి. చివరికి చేతి అంచు దగ్గర మొదలుపెట్టి చంక మీదుగా సైడు కట్టు దాకా ఒకే పరుగులో కుట్టేస్తే చేయి, పక్క రెండూ అయిపోతాయి. పెద్దవాళ్ళ ఖరీదైన బట్టలకు దర్జీలు ఇలా చేయరు. చేతి అంచు దగ్గర కుట్టు కొస కనిపిస్తుంది, చంక దగ్గర కూర్పు అంత బాగా రాదు. పిల్లల బట్టలకు అది పెద్ద లోపం కాదు.

ఒక ముక్క కుట్టగానే దారం తెంపకుండా, వెంటనే రెండోది, మూడోది పాదం కిందికి తోయడం ఇంకో ఉపాయం. పది జతల భుజాలు దండలాగా వరుసగా బయటికి వస్తాయి. తర్వాత కూర్చొని ఒకేసారి తెంపుకోవచ్చు. ఈ పని ఇంట్లో చిన్నపిల్లలు కూడా చేస్తారు. ఐదారు బాబిన్లు ముందే చుట్టి పెట్టుకోవాలి. కొత్త సూది వేసుకోవాలి. మామూలు నూలుకు 14వ నంబరు సరిపోతుంది, పలుచని గుడ్డకు 11. మొద్దుబారిన సూది దారం తెంపుతుంది, కుట్టు తప్పిస్తుంది. మిషనుకు రెండు చుక్కల నూనె వేసి పాతగుడ్డ మీద కాసేపు ఆడించుకుంటే కొత్తబట్ట మీద మరక పడదు. పైజామాను కుచ్చుల సల్వారులా కాకుండా కాలుకు ఒకటే ముక్కగా కత్తిరిస్తే గుడ్డా మిగులుతుంది, కుట్టూ తగ్గుతుంది.

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. సీటు దగ్గర, చంక దగ్గర రెండో కుట్టు వేయాల్సిందే. పక్కల్లో అంగుళం, కింది మడతలో రెండంగుళాల గుడ్డ వదలాల్సిందే. ఎదిగే పిల్ల ఆ బట్టను రెండో ఏడాది కూడా వేసుకోవాలంటే విప్పి వదులు చేయడానికి లోపల గుడ్డ ఉండాలి. ఇవి రెండూ వదిలేస్తే జతకు ఐదు నిమిషాలు మిగలవచ్చు, కానీ ఆ మిగులు పిల్ల ఒంటి మీద నుంచే పోతుంది.

ఇదంతా మన రాష్ట్రంలో పెద్ద ఎత్తున జరుగుతున్నదే. ప్రభుత్వ బడుల పిల్లల యూనిఫాం కుట్టే పనిని 2024లో మహిళా సంఘాలకు అప్పగించి, జతకు 75 రూపాయల కూలి నిర్ణయించారు. జూన్ 12న బడి తెరిచేలోగా కావాలి. ఒకే గుడ్డ, ఒకే రంగు దారం, సైజుల వారీగా కట్టలు. జతకు 75 రూపాయలు గిట్టుబాటు కావాలంటే ఒక్కొక్క జతగా కుట్టి లాభం లేదు. గుత్తగా కుట్టాల్సిందే. ఇక మనకు దగ్గర్లోనే గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. బట్టల ఫ్యాక్టరీల్లో పనిని ఇంకా చిన్న ముక్కలుగా విడగొడతారు. ఒకరు రోజంతా జేబులే కుడతారు, ఒకరు కాలర్లే.

మరి పండుగ బట్టలకూ యూనిఫాం పద్ధతే పెట్టుకుంటే సరిపోతుంది కదా అని అడుగుతారు. ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఒకే తాను నుంచి కోసిన యాభై కమీజులు పండుగనాడు ఒకే వాడలో తిరిగితే ఏమవుతుంది? యూనిఫాం అయితే బడిలో అందరికీ ఒకటే, ఎవరికీ చిన్నతనం లేదు. పండుగనాడు ఈద్‌గా దగ్గర ఒకే పువ్వుల గుడ్డ వేసుకున్న పిల్లలు మాత్రం ఎవరో, ఆ గుడ్డ ఎక్కడిదో అందరికీ తెలిసిపోతుంది. పిల్లలు మాటలు దాచుకోరు. "నీదీ నాదీ ఒకటే, అక్కడ పంచినవే కదా" అని తరగతిలోనే అనేస్తారు. ఆ మాట పడిన పిల్ల మర్నాటి నుంచి ఆ జత వేసుకోదు. బట్ట ఇచ్చాం, వేళకే ఇచ్చాం, అయినా ఆ పిల్లకు అందలేదన్నమాట.

దీన్ని తప్పించుకోవడానికి చాలామంది దాతలు రెండో కొసకు పోతారు. రెండున్నర మీటర్ల ముక్కలు, ఒక్కోటి ఒక్కో రంగు, ఒక్కో పన్నా, ఒక్కో రకం గుడ్డ కొని ఇస్తారు. మనసు మంచిదే. కానీ ఆ యాభై ముక్కలనూ యాభైసార్లు పరచాలి, యాభైసార్లు కోయాలి, దారం మార్చుకుంటూ పోవాలి. జతకు రెండు గంటలు పడుతుందన్నది ఇలాంటి పనికే. ముక్కల చివర మిగిలే గుడ్డ దేనికీ పనికిరాదు. తానులో అయితే అదే గుడ్డలో చిన్నపిల్ల పైజామా వచ్చేది.

మధ్యమార్గం ఉంది. బయటికి కనిపించనిదంతా ఒకటిగా ఉంచాలి, కనిపించేది వేరువేరుగా ఉంచాలి. పన్నా ఒకటే, గుడ్డ రకం ఒకటే, సైజులు ఒకటే, కుట్టే వరుస ఒకటే. అచ్చు మాత్రం ఎనిమిది పది రకాలు. వాటినీ రెండు కుదుళ్ళుగా కొనాలి. ఆకుపచ్చ, నీలం, ఊదా ఒక కుదురు, ఎరుపు, గులాబి, పసుపు ఒక కుదురు. ఒక్కో కుదురుకు ఒక్క మధ్యరంగు దారం లోపలి కుట్లన్నిటికీ నడిచిపోతుంది. అంచులకు మాత్రమే రంగు కలిసే దారం వేస్తారు. పన్నా ఒకటే కాబట్టి ఆరు వేరువేరు అచ్చులను కూడా ఒకదానిమీద ఒకటి పరిచి ఒకేసారి కోయవచ్చు. పువ్వు తలకిందులయ్యే అచ్చులు మాత్రం కొనకూడదు. చల్లినట్టుండే చిన్న పువ్వులు, చుక్కలు మేలు. కొత్త కోత ఖర్చు లేకుండా ఆరుగురు పిల్లలకు ఆరు బట్టలు వస్తాయి. మెడ పట్టీ ఏ రంగుదో ఆ పిల్లనే ఎంచుకోనిస్తే ఇంకా మంచిది. పదినిమిషాల పని కూడా పెరగదు, పిల్ల మాత్రం "నా గుడ్డ నేనే ఏరుకున్నా" అని చెప్పుకుంటుంది.

ఫ్యాక్టరీలాగా అందరూ ఒకచోట కూర్చొని కుట్టడం మన దగ్గర కుదరదు. రంజాన్‌లో ఆడమనిషి రోజు ఎలా ఉంటుందో చూడండి. సహరీకి ముందే లేవాలి. ఫజ్ర్ తర్వాత ఓ రెండు గంటలు చల్లగా, తీరికగా ఉంటాయి. ఆపైన పిల్లలు, బడి. అసర్ దాటితే ఇఫ్తార్ వంట. తరావీహ్ తర్వాత ఓపిక ఉంటే ఇంకో గంట. పైగా పండుగ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న ఈద్ చేసుకున్నాం. ఈ కొన్నేళ్ళు రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పడుతుంది. మా వర్ధన్నపేట చుట్టుపక్కల అది మిరపకాయ ఏరే కాలం. కూలి దొరికే ఆ రోజులు వదులుకోలేక మిషను ఉన్న ఇల్లాలు కూడా చేనుకు పోతుంది. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే పరీక్షలూ మార్చిలోనే. కాబట్టి ఆమె చేతిలో ఉన్నవి తుంపులు తుంపులుగా మూడు నాలుగు గంటలు.

అలాంటప్పుడు పనిని కూడా తుంపులుగా ఇవ్వాలి. కోత ఒకచోట, చేయితిరిగిన ఒక్క మనిషి చేతిమీదుగా జరగాలి. ఒకే సైజువి పది జతల ముక్కలు కట్టకట్టి, దానిలోనే దారం రీలు, నాడా, గుండీలు, ఏం కుట్టాలో రాసిన చీటీ పెట్టి ఇంటికి పంపాలి. ఫజ్ర్ తర్వాతి రెండు గంటల్లో భుజాలు, మెడలు అయిపోతాయి. తర్వాత లేచినా చిక్కులేదు, ఎక్కడ ఆపిందో ఆమెకు తెలుసు. ఒక కమీజును సగంలో వదిలి లేస్తే, మళ్ళీ కూర్చున్నాక ఏ ముక్క ఎటు తిప్పాలో గుర్తు తెచ్చుకోవడానికే కొంత కాలం పోతుంది. ఓవర్‌లాక్ మిషను ఊరికి ఒకటి చాలు, వారానికి రెండుసార్లు కట్టలన్నీ అక్కడికి చేరితే సరి. గుండీలు, కాజాలు, చేతి హెమ్మింగు మిషను లేని ఆడవాళ్ళకు ఇవ్వాలి. చూపు బాగున్న ముసలమ్మలు ఈ పని ఇష్టంగా చేస్తారు. జతకు కొంత కూలి వాళ్ళకూ వస్తుంది.

కుట్టే ఆపాలను అడిగితే వాళ్ళు చెప్పేది ఒక్కటే మాట. "గుడ్డ ముందు ఇప్పించండి టీచర్, మిగతాది మేం చూసుకుంటం." పైన రాసిన ఏ పద్ధతికైనా ఆ ఒక్కటే ఆధారం. నానబెట్టడానికి రోజు కావాలి, అట్టలు పెట్టి గుత్తగా కోయడానికి నాలుగు రోజులు కావాలి, కట్టలు ఇళ్ళకు చేరాలి. షబె బరాత్ నాటికి గుడ్డ వస్తే పండుగకు నెలన్నర ఉంటుంది. చేను పనికి పోయే ఇల్లాలు రోజుకు మూడు గంటలు కూర్చున్నా రెండు మూడు కట్టలు దిగుతాయి. ఇరవయ్యో రోజాకు వస్తే తొమ్మిది పది రోజులే. ఒక్క కట్ట దిగడమే కష్టం. నిద్ర మానుకుంటే తప్ప రెండోది కాదు. ఆ నిద్ర మానుకునేది రోజా ఉన్న మనిషి.

జకాత్ రంజాన్‌లోనే తీస్తాం, గుడ్డ ముందుగా ఎలా కొనాలి అని కొందరు దాతలు అడిగారు. నిసాబ్ ఉన్నవారు జకాత్‌ను గడువుకు ముందే చెల్లించవచ్చని ఫిఖ్‌లో అనుమతి ఉంది. మీ లెక్క మీ మస్జిద్ ఇమాం గారిని అడిగి తేల్చుకోండి. జకాత్ కాని సదకా సొమ్ముకైతే నెల పట్టింపే లేదు. గుడ్డ తానులు ఏ నెలలో కొన్నా పాడుకావు. పండుగ గిరాకీ లేని రోజుల్లో కొంటే దుకాణదారు ధరలో కొంత తగ్గిస్తాడు కూడా.

ఇంకో విన్నపం. ఈసారి మిషను ఇచ్చేవారు దానితోపాటు పదంగుళాల మంచి కత్తెర, ఇస్త్రీపెట్టె, అర డజను బాబిన్లు, ఒక సూదుల పెట్టె, ఐదు సైజుల అట్టలు కూడా ఇవ్వండి. గుడ్డ పరచడానికి నాలుగడుగుల బల్ల ఒకటి వాడకు ఉమ్మడిగా ఇచ్చినా చాలు. నేలమీద వంగి కోసిన మనిషికి సాయంత్రానికి నడుము లేవదు. మిషను ధరతో పోలిస్తే ఇవన్నీ కలిపినా తక్కువే అవుతాయి. ఇచ్చేవారు షబె బరాత్‌కు పదిహేను రోజుల ముందు చెబితే పన్నా, అచ్చుల రకాలు, ఏ సైజుకు ఎన్ని మీటర్లు కావాలో రాసిన చీటీ కుట్టే ఆపాలతోనే తయారుచేయించి మీకు అందజేస్తాం.